చీలమండ బెణికిన ఆటగాణ్ణి మళ్ళీ ఎప్పుడు దింపాలి: ఓ.ఎం.ఆర్. కోర్టు ప్రాజెక్టు డైరీ

ఈ డైరీ చెన్నై ఓ.ఎం.ఆర్. (పాత మహాబలిపురం రోడ్డు) మీద, షోళింగనల్లూరు దగ్గరి ఒక అపార్ట్‌మెంటు కోర్టుది. శని, ఆదివారాలు బాస్కెట్‌బాల్ ఆడే తెలుగువాళ్ళ జట్టు, 14 మంది. సిమెంటు నేల, ఒకటే రింగు, సగం కోర్టు. రాస్తున్నది జట్టు ఫిజియో, కోచ్ కలిసి. చీలమండ బెణికినవాణ్ణి మ్యాచ్‌లోకి దింపే ముందు ఏమేం కొలవాలి, ఎంత వస్తే దింపాలి, ఆ మాట ఎవరు చెప్పాలి అన్నది కాగితం మీద పెట్టడమే పని. మా పొరపాట్లు ఇంకో జట్టు మళ్ళీ చేయకూడదని వరసగా రాస్తున్నాం.

ఇన్నాళ్ళూ జట్టులో నడిచిన లెక్క: "మూడు వారాలైందిగా, నొప్పి లేదుగా, దిగు." ఈ లెక్క తప్పు. మామూలు బెణుకులో నొప్పి రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. సాగిన లిగమెంటుకి (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే కట్టుకి) బిగువు రావడానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. 2001లో వచ్చిన ఆస్ట్రేలియా బాస్కెట్‌బాల్ అధ్యయనంలో, ఇదివరకు చీలమండ గాయమైనవాళ్ళకి మళ్ళీ అయ్యే అవకాశం దాదాపు 5 రెట్లు కనిపించింది. అందుకే దింపే రోజు మీద ఇంత శ్రమ.

ఈ కాగితం పనికిరాని చోట్లు ముందే చెప్పాలి. తలకి దెబ్బ తగిలితే డాక్టరు చూడాల్సిందే. మోకాలి ఎ.సి.ఎల్. లిగమెంటుకి సర్జరీ అయినవాళ్ళకి తొమ్మిది నెలల లోపు మ్యాచ్ మాట ఎత్తకూడదు, వాళ్ళ పరీక్షలు వేరు. పిక్కని మధ్యలో రెండు వైపులా నొక్కితే కింద చీలమండ దగ్గర నొప్పి వస్తే అది పైభాగపు బెణుకు కావచ్చు, దాన్ని కూడా ఇందులో కలపం.

దశ 0: ఎక్స్‌రే కావాలా

1992లో కెనడాలో తయారైన ఒట్టావా నిబంధనలు వాడుతున్నాం. బెణికిన రోజే చూడాలి. చీలమండ చుట్టూ గాని, పాదం మధ్యలో గాని నొప్పి ఉండి, కిందివాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రేకి పంపాలి.

1. బయటి చీలమండ ఎముక వెనక అంచున, చివర నుంచి పైకి 6 సెం.మీ. వరకూ ఎక్కడ నొక్కినా నొప్పి.
2. లోపలి చీలమండ ఎముకకీ అదే పద్ధతి.
3. చిటికెన వేలు వైపు పాదం మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద, లేదా లోపలివైపు పాదం వంపు పైన ఉండే ఎముక మీద నొప్పి.
4. దెబ్బ తగిలిన వెంటనే, మళ్ళీ చూసేటప్పుడు కూడా నాలుగు అడుగులు వేయలేకపోవడం. కుంటుతూ వేసినా వేసినట్టే.

ఇక్కడ జరిగిన తప్పు: వేలితో ఎముక చివర మాత్రమే నొక్కి వదిలేశాం. వెనక అంచు మర్చిపోయాం. ఇప్పుడు టేపు పెట్టి 6 సెం.మీ. దగ్గర పెన్నుతో గీత గీసి, కింది నుంచి అక్కడిదాకా నొక్కుతున్నాం.

దశ 1: సామాను, గీతలు

స్టీలు టేపు 5 మీటర్లది ₹180, దర్జీ టేపు ₹20, మాస్కింగ్ టేపు రెండు చుట్టలు ₹120, కోన్లు ఆరు ₹240, చెక్క దిమ్మె ₹30.
మొత్తం: ₹590.

మాస్కింగ్ టేపు వారం కూడా నిలవలేదు. మధ్యాహ్నం ఎండకి సిమెంటు కాలిపోయి జిగురు కరిగింది, సాయంత్రం బూట్ల కింద టేపు ముడుచుకుపోయింది. ఒక చోట గీత 3 సెం.మీ. జరిగిన సంగతి ఇద్దర్ని కొలిచాక గాని కనపడలేదు. ఆ రెండు కొలతలూ కొట్టేశాం. గీతలన్నీ ఎనామెల్ పెయింటుతో మళ్ళీ వేశాం. పెయింటు, బ్రష్ ₹150.
మొత్తం: ₹740.

పరీక్షల వేళ ఉదయం 6:30కి మార్చాం. సాయంత్రం చెమట చుక్కలు పడిన పాలిష్ సిమెంటు మీద ఒంటికాలి గెంతు పెట్టడం ప్రమాదం. అక్టోబరు వానలు మొదలయ్యాక పాచి పడుతుంది. బ్లీచింగ్ పౌడరు చల్లి, కొబ్బరి పుల్లల చీపురుతో తోమి, ఆరాకే గెంతించాలి.

దశ 2: గోడకి మోకాలు

పాదం పైకి ఎంత వంగుతోందో చూసే పరీక్ష. బూట్లు లేకుండా, పాదం గోడకి సూటిగా పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకి ఆనించాలి. ఆనినంతకాలం పాదాన్ని కొంచెం కొంచెం వెనక్కి జరపాలి. చివరికి బొటనవేలికీ గోడకీ మధ్య దూరమే కొలత. ఒక్కో సెం.మీ. దాదాపు 3.6 డిగ్రీల వంపుతో సమానం.

తప్పు 1: గోడ అడుగున స్కర్టింగ్ పలక 12 మి.మీ. బయటికి ఉంది. మోకాలు తగిలేది గోడకి, మేం కొలిచింది పలక నుంచి. అందరికీ 1.2 సెం.మీ. తక్కువ పడింది. రెండు కాళ్ళ తేడా మారదు గాని, వేరే గోడ దగ్గర కొలిచినవాళ్ళతో పోలిక పోయింది. ఇప్పుడు పలక లేని స్తంభం వాడుతున్నాం.

తప్పు 2: మడమ లేవడం కంటికి ఆనదు. పాత క్యాలెండరు కాగితం రెండు వేళ్ళ వెడల్పు ముక్క మడమ కింద పెట్టి ఒకరు మెల్లగా లాగుతుంటారు. కాగితం ఊడి వస్తే మడమ లేచినట్టు, ఆ కొలత చెల్లదు. ఈ కాగితం పెట్టాక ఆటగాడు 7 గాయపడిన కాలి కొలత 9.0 నుంచి 6.5కి పడిపోయింది. మంచి కాలిది 11.0. అంతకు ముందు కొలతని నమ్మి ఉంటే తేడా 2 సెం.మీ. అని సరిపెట్టుకునేవాళ్ళం.

హద్దు: రెండు కాళ్ళ తేడా 2 సెం.మీ. మించకూడదు.

దశ 3: వాపు

చీలమండ చుట్టూ గుండ్రంగా టేపు చుడితే వాపు సరిగ్గా దొరకదు, ఎనిమిది అంకె ఆకారంలో చుట్టాలి. ఆటగాడు బల్ల మీద కాళ్ళు చాపి కూర్చుంటాడు, పాదం అంచు దాటి ఉంటుంది.

1. చీలమండ ముందువైపు, బయటి ఎముకకీ ముందున్న లావు నరానికీ (టెండన్‌కి) మధ్య టేపు మొదలు.
2. పాదం మీదుగా లోపలివైపుకి, అక్కడి నుంచి అరికాలి కిందుగా చిటికెన వేలు వైపు ఎముకకి.
3. మళ్ళీ పాదం పైనుంచి లోపలి చీలమండ ఎముక కొసకి.
4. మడమ పైనుండే లావు నరం (టెండన్) వెనకగా తిప్పి బయటి ఎముక కొసకి, అక్కడి నుంచి మొదలైన చోటుకి.

మూడుసార్లు కొలిచి సగటు. ఒకే కాలిని ఇద్దరం కొలిస్తే మా మధ్యే 6 నుంచి 8 మి.మీ. తేడా వచ్చింది. అందుకని ఒక ఆటగాణ్ణి ఎప్పుడూ ఒకరే కొలుస్తారు, 1 సెం.మీ. లోపు మార్పుని మార్పుగా లెక్కించం. స్టీలు టేపు దీనికి పనికిరాదు, దర్జీ టేపే.

దశ 4: వై ఆకారపు తూకం (బ్యాలెన్స్)

ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో ముందుకి, వెనక ఏటవాలుగా రెండు పక్కలకి ఎంత దూరం అందుకోగలడో కొలవాలి. ముందు గీతకీ వెనక గీతలకీ మధ్య 135 డిగ్రీలు, వెనక రెండింటి మధ్య 90. కోణమాని అక్కర్లేదు. ముందు గీతనే వెనక్కి 50 సెం.మీ. పొడిగించి, ఆ చివర నుంచి లంబంగా చెరోపక్క 50 సెం.మీ. గుర్తు పెట్టి, ఆ గుర్తుల్ని మధ్య బిందువుతో కలపాలి. కలిపిన గీత 70.7 సెం.మీ. వస్తే సరిగ్గా గీసినట్టు. మాకు మొదట 73 వచ్చింది. లంబం వాలింది. 60-80-100 త్రిభుజంతో సరిచేశాం.

మొదటి పద్ధతిలో వేలితో నేల తాకమన్నాం. తాకిన ప్రతివాడూ తెలియకుండానే ఆ వేలి మీద బరువు వేశాడు. ఇప్పుడు చెక్క దిమ్మెని కాలి వేళ్ళతో తోయాలి. తన్నితే దిమ్మె జారిపోతుంది కాబట్టి అడుగున గరుకు కాగితం అంటించాం. కాలు దిమ్మె మీద ఆనినా, నిలబడ్డ పాదం కదిలినా ఆ ప్రయత్నం లెక్కలోకి రాదు.

ఇంతకంటే పెద్ద తప్పు సీజన్ మొదట్లో 14 మందినీ కొలిచినప్పుడు చేశాం. తలా ఒక్క ప్రయత్నం రాసుకున్నాం. ఈ పరీక్షలో అలవాటు వల్లే అంకె పెరుగుతుంది. గాయం తర్వాత నాలుగోసారి చేసినవాడు గాయానికి ముందు ఒకేసారి చేసినదాన్ని దాటేశాడు, మేం కోలుకున్నాడనుకున్నాం. ఇప్పుడు ప్రతి దిక్కుకీ నాలుగు అలవాటు ప్రయత్నాలు, తర్వాత మూడు లెక్కలోకి. 14 మందినీ మళ్ళీ కొలవాల్సి వచ్చింది. మూడు ఉదయాలు పోయాయి.

లెక్క ఇలా. కాలి పొడవు తుంటి ముందు ఎముక నుంచి లోపలి చీలమండ ఎముక దాకా. ఆటగాడు 7: పొడవు 92, మూడు దిక్కులు 62, 98, 94, కలిపితే 254. 254 ÷ (3 × 92) = 92.0%. అదే రోజు మంచి కాలి ముందు దిక్కు 67. ముందు దిక్కు తేడా 5 సెం.మీ. మా హద్దు 4, కాబట్టి ఆగాలి. ముందు దిక్కు తగ్గితే మొదట గోడ పరీక్ష చూడండి. పాదం వంగకపోతే ముందుకి అందదు, దానికి తూకం సాధనలు చేయించి లాభం లేదు.

ఒక్కొక్కరికి పట్టిన సమయం, దశ 4 దాకా: 41 నిమిషాలు. మొదట్లో 58.

దశ 5: ఒంటికాలి గెంతు

పిక్క కోసం ముందు ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం, 25 సార్లు. ఇది రాకపోతే గెంతు పెట్టం.

గెంతులు మూడు రకాలు: ముందుకి ఒక గెంతు, వరసగా మూడు, 30 సెం.మీ. ఎడంలో రెండు గీతల మీదుగా అటూ ఇటూ 10 సార్లు. చివరిది తొక్కుడుబిళ్ళ ఆడినవాళ్ళకి చెప్పక్కర్లేదు, గీత తొక్కితే పోయినట్టే. దాన్ని సెకన్లలో కొలుస్తాం. దూరం గెంతుల్లో దిగిన కాలి మీద 2 సెకన్లు కదలకుండా నిలబడాలి.

తప్పు: ఒకరు బొటనవేలి నుంచి దిగిన మడమ దాకా, ఇంకొకరు వేలి నుంచి వేలి దాకా కొలిచారు. బూటు పొడవు 29 సెం.మీ. తేడా. రెండు కాళ్ళకీ సమానంగా కలుస్తుంది కదా అనుకోవద్దు. 122, 151 అయితే 80.8%. రెండింటికీ 29 కలిపితే 151, 180, అంటే 83.9%. ఉత్తి టేపు పెట్టే చోటు వల్ల మూడు శాతం మెరుగయ్యాడు. మడమ దాకా అని కాగితం మీద పెద్దక్షరాల్లో రాశాం.

పైకి ఎగరడం ఫోన్‌తో కొలుస్తాం. గాల్లో ఉన్న సమయం సెకన్లలో తీసి, దాన్ని దానితోనే గుణించి, 122.6తో గుణిస్తే ఎత్తు సెం.మీ.లలో వస్తుంది. 0.40 సెకనుకి 19.6. మొదట మామూలు వీడియో తీశాం, సెకనుకి 30 ఫ్రేములు. ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయితే 3.4 సెం.మీ. తప్పు. స్లో మోషన్‌లో 240 ఫ్రేములు పెడితే అదే తప్పు 0.4 సెం.మీ. మోకాళ్ళు ముడిచి దిగితే సమయం పెరిగి అంకె ఉబ్బుతుంది, ఆ వీడియో తీసేయాలి. చేత్తో పట్టుకుంటే పాదాలు ఫ్రేములోంచి పోతున్నాయి, ట్రైపాడ్ కొన్నాం, ₹450.
మొత్తం: ₹1,190.

ఇక మా కాగితాన్నే మార్చిన సంగతి. చాలాచోట్ల వాడే హద్దు ఇది: గాయపడిన కాలు మంచి కాలిలో 90% రావాలి. ఐదో వారంలో ఆటగాడు 3: కుడి 141, ఎడమ 152. అంటే 92.8%, పాసు. అతని సీజన్ మొదటి కొలత తీసి చూస్తే కుడి 168, ఎడమ 171. ఐదు వారాలు ఆడక మంచి కాలు కూడా 19 సెం.మీ. పడిపోయింది. పడిపోయిన కాలితో పోల్చి పాసు చేస్తున్నాం. తన పాత కొలతతో చూస్తే 141 ÷ 168 = 83.9%, ఫెయిలు.

మార్పు: రెండు హద్దులూ దాటాలి. మంచి కాలిలో 90%, తన పాత అంకెలో 90%. పాత అంకె లేనివాడికి మంచి కాలిలో 95% అడుగుతున్నాం. 95 అన్నది మా నిర్ణయం. గాయమయ్యాక పాత అంకె తీయలేం కాబట్టి, ఈ డైరీలో ఒక్క పనే చేయగలిగితే అది సీజన్ మొదట్లో అందరి గెంతూ కొలిచి దాచుకోవడం.

దశ 6: అలిసిపోయాక

మ్యాచ్‌లో చీలమండ తిరగబడేది హాయిగా నిద్రలేచి వచ్చిన ఆరున్నరకి కాదు. అందుకని గెంతుని పరుగు తర్వాత మళ్ళీ పెట్టాం.

పూర్తి కోర్టు ఉంటే గీతల పరుగు: దగ్గరి ఫ్రీ త్రో గీతకి, సగం గీతకి, అవతలి ఫ్రీ త్రో గీతకి, అవతలి అంచుకి, ప్రతిసారీ తిరిగి మొదటికి. 28 మీటర్ల కోర్టులో 2 × (5.8 + 14 + 22.2 + 28) = 140 మీటర్లు, 7 మలుపులు. మాది సగం కోర్టు. 14 మీటర్లని 10 సార్లు, అదే 140, మలుపులు మాత్రం 9. చీలమండ మీద భారం కొంచెం ఎక్కువే, అందరికీ అదే కాబట్టి ఉంచాం.

1. 140 మీటర్లు, 60 సెకన్ల విరామం, ఇలా మూడుసార్లు.
2. మూడోది అయిన 60 సెకన్లలోపు గెంతు మొదలు. ముందు మంచి కాలు.
3. మంచినీళ్ళు ఆ తర్వాతే. మొదటిసారి నీళ్ళకి వెళ్ళొచ్చి నాలుగు నిమిషాలు దాటింది, అలసట తీరిపోయింది, ఆ కొలత పనికిరాలేదు.

ఆటగాడు 7, ఆరో వారం. అలవకముందు గాయపడిన కాలు 160, పాత అంకె 168లో 95.2%. అలిశాక 139. మంచి కాలు 170 నుంచి 161కి. మంచి కాలు 5.3% పడితే గాయపడింది 13.1% పడింది. ఇంతకు ముందు కాగితం ప్రకారం ఈ మనిషి ఆ ఆదివారం ఆడేసేవాడు.

హద్దు: గాయపడిన కాలి తరుగు, మంచి కాలి తరుగు కంటే 5 శాతం పాయింట్లు మించకూడదు. ఇదీ మేం పెట్టుకున్నదే. అతనికి రెండు వారాలు బరువుతో మడమ ఎత్తడం, చివర్లో అలిశాక తూకం సాధనలు ఇచ్చాం. ఎనిమిదో వారం: అలవకముందు 163, తర్వాత 152. తరుగు 6.7%.

దశ 7: దిక్కు ముందే తెలియకుండా

పెయింట్ ప్రాంతం, అంటే రింగు ముందు గీతలు గీసిన దీర్ఘచతురస్రం, 5.8 × 4.9 మీటర్లు. చుట్టూ పరుగు, పక్క అడుగులు, వెనక పరుగు, మళ్ళీ పక్క అడుగులు, 21.4 మీటర్లు, తర్వాత ఎదురు దిశలో. ఇందులో అందరూ పాసయ్యారు, ఎందుకంటే ఎటు తిరగాలో ముందే తెలుసు. ఇప్పుడు కోచ్ బంతి ఎటు చూపిస్తే అటు తిరగాలి, ఆటగాడు రెండడుగుల దూరంలో ఉండగా చూపించాలి. పది సార్లలో ఎన్నిసార్లు గాయపడిన కాలి మీద తిరగడం తప్పించుకున్నాడో వీడియోలో లెక్కపెడతాం. ఒకటి దాటితే ఆగాలి.

దశ 8: అడిగే తీరు

"నొప్పి ఉందా?" అని కెప్టెన్ ముందు అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "ఏం లేదన్నా, బానే ఉంది." ఆ ప్రశ్న తీసేశాం. ఒంటరిగా, పరీక్షలకి ముందే అడుగుతున్నవి:

1. రీబౌండ్‌కి (రింగుకి తగిలి తిరిగొచ్చే బంతికి) ఎగిరి, కింద ఎవరిదో పాదం ఉందేమో అనిపిస్తే ఆ కాలి మీద దిగగలవా? 0 నుంచి 10. ఎనిమిది కంటే తక్కువైతే ఆగాలి.
2. నిన్న పొద్దుట నుంచి నొప్పి మాత్ర ఏదైనా వేసుకున్నావా? వేసుకుంటే పరీక్ష ఆ రోజు వద్దు.
3. మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు వేస్తున్నావు?

మూడోదానికి జవాబు చెప్పేలోపు ఆలోచించినవాడి కాలు ఇంకా సిద్ధంగా లేదని మా అనుభవం.

దశ 9: మెట్లు, భారం లెక్క

ఆటగాడు 3 అన్ని పరీక్షలూ గురువారం దాటాడు. శని, ఆదివారాలు రెండు రోజులూ ఆడించాం. 90 నిమిషాలు × శ్రమ 7 (ఎంత కష్టమనిపించిందో 10కి వేసే అంకె), రెండు రోజులు, 1,260. అంతకు ముందు వారం అతని లెక్క 180. సోమవారం వాపు 1.4 సెం.మీ. పెరిగింది, గోడ కొలత 2 సెం.మీ. తగ్గింది. ఇందులో కాలి తప్పేమీ లేదు, ఒకేసారి అంత భారం పెట్టింది మేమే. ఆటకి తిరిగి రావడం మీద నిపుణులు 2016లో వెలువరించిన బెర్న్ ఏకాభిప్రాయ పత్రం సాధనలో పాల్గొనడం, ఆటకి తిరిగి రావడం, పాత స్థాయి అందుకోవడం అని మూడింటిని విడదీసింది. మేం మొదటిదాన్నీ చివరిదాన్నీ ఒకే వారాంతంలో కుక్కాం.

ఇప్పటి మెట్లు, ఆటగాడు 11 లెక్కతో (నిమిషాలు × శ్రమ):

1. ఒక్కడే పరుగు, షాట్లు: 30 × 3 = 90. మొత్తం 90.
2. మళ్ళీ అదే, లేఅప్‌లతో (పరుగెత్తుకొచ్చి ఎగిరి రింగు దగ్గర వేసే షాట్లతో): 30 × 4 = 120. మొత్తం 210.
3. జట్టుతో, కాంటాక్ట్ (ఒకరికొకరు తగలడం) లేకుండా: 45 × 5 = 225. మొత్తం 435.
4. పూర్తి ప్రాక్టీసు: 60 × 6 = 360. మొత్తం 795.
5. ఇంకో పూర్తి ప్రాక్టీసు, అదే 360. మొత్తం 1,155.
6. మ్యాచ్: 40 నిమిషాల్లో 10, మూడు నాలుగు నిమిషాల ముక్కలుగా. రెండో మ్యాచ్ 20. మూడోది హద్దు లేదు.

మెట్టుకీ మెట్టుకీ మధ్య కనీసం 24 గంటలు. మర్నాడు పొద్దున్నే మూడు చూడాలి: వాపు 1 సెం.మీ. పెరిగిందా, గోడ కొలత 1 సెం.మీ. కంటే తగ్గిందా, నొప్పి 10కి 2 దాటిందా. ఏ ఒక్కటి అవునన్నా కింది మెట్టుకి.

బ్రేసు (చీలమండకి తొడిగే కట్టు) నాలుగో మెట్టు నుంచి, లేసులు కట్టుకునే రకం. టేపింగ్ వదిలేశాం. ఆడేకొద్దీ టేపు పట్టు సడలుతుంది, చెన్నై చెమటలో ఇంకా త్వరగా. గోడ, వై పరీక్షలు బ్రేసు లేకుండా, గెంతు నుంచి బ్రేసుతో. సీజన్ మొదటి గెంతు బ్రేసు లేకుండా తీసినది కాబట్టి, బ్రేసు లేకుండా కూడా ఒకసారి కొలిచి ఆ అంకెనే పోలుస్తున్నాం.

నిర్ణయం గురువారం రాత్రి 9 లోపు. సంతకాలు మూడు: ఫిజియో, కోచ్, ఆటగాడు. ఫిజియో కాదంటే మిగతా ఇద్దరి సంతకాలు చెల్లవు. శుక్రవారం నుంచి పరీక్ష లేదు, ఫైనల్ అయినా సరే. మ్యాచ్ రోజు పొద్దున కోర్టు పక్కన "ఒక్క క్వార్టరే అన్నా" అన్న బేరానికి చోటు లేకుండా చేయడానికే ఈ గడువు. జెరాక్సులు 30, ₹60.
మొత్తం: ₹1,250. ఒక్కొక్కరికి ఇప్పుడు పట్టే సమయం: 33 నిమిషాలు. అలసట పరీక్షకి ఇంకో 12.

ఇప్పటి స్థితి

సీజన్ మొదటి కొలతలు: 14/14. అలిశాక తీసిన మొదటి కొలతలు: 9/14, మిగతా ఐదుగురివి వానలు ఆగి నేల ఆరాక. ఆటగాడు 7 మూడో మ్యాచ్ దాటాడు. ఆటగాడు 3 రెండో మెట్టుకి దిగి మళ్ళీ ఎక్కుతున్నాడు, ఈ వారం నాలుగులో ఉన్నాడు. ఆటగాడు 11కి అయిదో మెట్టు మర్నాడు వాపు 0.6 సెం.మీ., గోడ కొలతలో మార్పు లేదు, నొప్పి 1. ధైర్యం అంకె (దశ 8లో మొదటి ప్రశ్నకి జవాబు) 7. గురువారం మళ్ళీ అడుగుతాం, అప్పటికీ 8 రాకపోతే ఈ ఆదివారం కూడా బెంచీ మీదే.